ఎండాకాలం సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఏ సినిమా పెట్టాలి? మేం చూసిన ఎనిమిదింటి పోలిక

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మా కావలిలో పొద్దున పదకొండు దాటితే వీధిలో మనిషి కనపడడు. పిలకాయలకు సెలవులు కాబట్టి నెల్లూరు నుంచి నేను నా ఇద్దరినీ తీసుకుని అమ్మ దగ్గరికి వచ్చాను. ఉదయగిరి నుంచి పెద్దమ్మ వచ్చింది. పిన్ని, ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చిన ఆమె కూతురు వచ్చారు. తమ్ముడు, మరదలు ఎలాగూ ఇక్కడే ఉంటారు. శని, ఆదివారాల్లో మా ఆయన వచ్చేవారు. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, పళ్లెం నిండా ముంజలు పెట్టుకుని రోజుకొక సినిమా చూశాం.

మొదటి రోజు పొరపాటు నాదే. అందరూ బాగుందన్నారని ‘బలగం’ పెట్టాను. ఒక ముసలాయన చావు చుట్టూ తిరిగే కథని తెలిసి కూడా ఆలోచించలేదు. మా నాయన పోయి అప్పటికి ఏడాదీ రెండు నెలలు. పిండం పెట్టి కాకి కోసం అందరూ ఎదురుచూసే ఘట్టం రాగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. నీళ్లు తాగడానికేమో అనుకున్నాం. ఎంతసేపటికీ రాలేదు. వెళ్లి చూస్తే లైటు కూడా వేసుకోకుండా గట్టు పట్టుకుని నిలబడి ఉంది. టీవీ ఆపేశాం.

సినిమాలో లోపమేమీ లేదు. పక్కన కూర్చున్న మనిషిని చూసుకోకపోవడం నా తప్పు. ‘ఏ సినిమా బాగుంది?’ అని నలుగురిని అడిగి ఎంచుకోవడం నేను ఆ రోజుతో మానేశాను. ఎవరి మధ్య చూస్తున్నాం, అయిపోయాక ఆ ఇంట్లో ఏ మాట మొదలవుతుంది అన్నవే ఇప్పుడు ముందు చూసుకుంటున్నాను. ఈ పోలిక కూడా ఆ లెక్కతో రాసిందే. కథల చివరి మలుపులు చెప్పను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు ఇంట్లో ఈమధ్య ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. చావు, అప్పు, పదో తరగతి ఫలితాలు, అన్నదమ్ముల మధ్య పొలం గొడవ, ఆడపిల్ల గురించి ఎవరో అన్న ఒక మాట. వీటిలో ఏది తాజాగా ఉంటే దాన్ని తాకే సినిమా కొందరికి ఊరటనిస్తుంది, కొందరికి గుచ్చుకుంటుంది. అది మీకే తెలియాలి. సినిమా గురించి రాసేవాళ్లకు మీ ఇల్లు తెలియదు.

రెండోది నిడివి. మా తమ్ముడికి రొయ్యల గుంటలున్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసి రావాలి. కరెంటు పోయి అవి ఆగితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. అందుకని వాడితో కలిసి చూడాలంటే ఏడింటికల్లా మొదలుపెట్టాలి, రెండున్నర గంటలు దాటకూడదు. మీ ఇంట్లో గుంటలు లేకపోయినా పాలు పితికే వేళో, నైట్ డ్యూటీనో, ఎనిమిదింటికే నిద్రపోయే పెద్దవాళ్లో ఉంటారు. సినిమాను సగంలో వదిలి వెళ్లిన మనిషి మర్నాడు మన మాటల్లో కలవలేడు.

మూడోది భాష. మా పెద్దమ్మకు డబ్బింగ్ సినిమా అంటే పెదాలూ మాటా కలవవని విసుగు. తెలంగాణ మాట వేగంగా సాగితే అమ్మ మధ్యమధ్యలో ‘ఏందంటా?’ అని అడుగుతుంది. పక్కన కూర్చుని చెప్పే ఓపిక మనకుంటే ఇది పెద్ద అడ్డు కాదు.

ఇంకొకటి, ఇవన్నీ ఒకే యాప్‌లో దొరకవు. నేను చూసేనాటికి ‘బలగం’ ప్రైమ్‌లో, ‘35’ ఆహాలో, ‘హనుమాన్’ జీ5లో, ‘మంజుమ్మెల్ బాయ్స్’ హాట్‌స్టార్‌లో ఉన్నాయి. ‘లక్కీ భాస్కర్’, ‘కోర్ట్’, ‘సత్యం సుందరం’ మూడూ నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నాయి. ఒక్క నెలకే డబ్బు కట్టేవాళ్లు మూడు సినిమాలు ఒకేచోట ఉన్నదాన్ని తీసుకోవడం మేలు.

## పిల్లలున్న ఇంటికి: ‘35 చిన్న కథ కాదు’, లేక ‘కోర్ట్’?

రెండూ పిల్లల గురించినవే. రెండింటిలోనూ ప్రియదర్శి ఉన్నాడు. ఒకదాంట్లో లెక్కల మాస్టారు, ఇంకోదాంట్లో మొదటిసారి సొంతంగా కేసు వాదించే కుర్ర లాయరు. కానీ ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకునే సినిమాలు కావు. ఇంట్లో పిల్లల వయసును బట్టి ఎంచుకోవాలి.

2024లో వచ్చిన ‘35’ తిరుపతిలో జరుగుతుంది. దర్శకుడు నందకిశోర్ ఈమాని. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు రావు. రావు అనడం కంటే, వాడు అడిగే ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు అనాలి. ఏ విలువా లేని సున్నా ఒకటి పక్కన చేరితే పది ఎలా అవుతుందన్నది వాడి సందేహం. మాస్టారు వాడినే సున్నా అంటాడు. చదువు మధ్యలోనే ఆగిపోయిన తల్లి సరస్వతి, కొడుకు కోసం మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది. తల్లిగా నివేదా థామస్ నటన నాకు ఎంత నచ్చిందంటే, ఆమె పలక పట్టుకుని కూర్చున్నప్పుడల్లా మా అమ్మే గుర్తొచ్చింది. అమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. మా చిన్నప్పుడు మార్కాపురం పలక మీద మేం వేసిన లెక్కను తడి గుడ్డతో తుడుస్తూ, ‘నాకు అర్థమయ్యేటట్టు ఇంకోసారి చెప్పు’ అనేది. తనకు చెప్పడానికని మేమే నేర్చుకునేవాళ్లం. అప్పట్లో అది మాకు తెలియలేదు.

సినిమా నిదానంగా నడుస్తుంది, ముఖ్యంగా మొదటి గంట. గుడి వీధులు, ఇంటి మండువా, వంట, పిలకాయల అల్లరి. తొందరగా కథలోకి దిగాలనుకునేవాళ్లు విసుక్కుంటారు. మా తమ్ముడు విసుక్కున్నాడు. ఐదో తరగతికి వెళ్లబోతున్న నా కొడుకు మాత్రం కదల్లేదు. అయిపోయాక ‘అమ్మా, పదో తరగతిలో నీకు లెక్కల్లో ఎన్నొచ్చాయి?’ అన్నాడు. ముప్పై ఎనిమిది అని చెప్పాను. నా జీవితంలో ఆ అంకె ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం నుంచి వాడు లెక్కల పుస్తకం తెచ్చి అడగడానికి భయపడటం లేదు.

మార్కుల దగ్గర ఇంట్లో ఇప్పటికే అరుపులు ఉంటే ‘35’ తల్లిదండ్రులు ముందు విడిగా చూసి, తర్వాత పిల్లలతో చూడాలి. నేరుగా పిల్లల ముందు పెడితే, మాస్టారు సున్నా అన్న చోట పిల్లవాడు మన ముఖం వైపు తిరుగుతాడు. ఆ చూపుకు మనం సిద్ధంగా ఉండాలి.

‘కోర్ట్’ 2025 మార్చిలో వచ్చింది. దర్శకుడు రామ్ జగదీశ్. కథ 2013 నాటి విశాఖపట్నంలో నడుస్తుంది. పద్దెనిమిది నిండని అమ్మాయి, ఒక ఏడాదో రెండేళ్లో పెద్దవాడైన పేదింటి కుర్రాడు. అమ్మాయి తరఫు పెద్దమనిషి మంగపతి పరువు పేరుతో ఆ కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. మంగపతిగా శివాజీని చూస్తున్నంతసేపూ మా పిన్ని చీర కొంగు నలుపుతూనే ఉంది. అటువంటి పెద్దమనిషి మా చుట్టాల్లోనూ ఉన్నాడు.

పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను లైంగిక దాడుల నుంచి కాపాడటానికి పుట్టిన చట్టం. ఆ వయసు లోపు అమ్మాయి ‘నాకిష్టమే’ అన్నా చట్టం దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఈ ఒక్క విషయం ఎంతమంది ఇంటర్ పిల్లలకు తెలుసు? పిన్ని కూతురికి, అంటే మా చెల్లికి తెలియదు. ఆమె తరగతిలో ఎవరికీ తెలియదట. అందుకే ఈ సినిమా చూపించమని పిన్నితో గట్టిగా వాదించాను. ‘లేనిపోని ఆలోచనలు ఎందుకు పెడతావు?’ అంది పిన్ని. ఆలోచనలు ఎలాగూ వస్తాయి, చట్టం ఎలాంటిదో తెలియకుండా రావడం ప్రమాదం అన్నాను.

అయితే నేను ఒకటి సరిగ్గా అంచనా వేయలేకపోయాను. పెద్దమ్మ కూడా కూర్చుంది. సినిమా అయిన వెంటనే ‘అసలు ఆ పిల్ల ఆ ఫోను పట్టుకోకుండా ఉంటే ఇదంతా వచ్చేదా?’ అంది. మా చెల్లి లేచి మేడ మీదికి వెళ్లిపోయింది. ఆ ఎండకి మేడ మీద కూర్చుందంటే ఎంత బాధపడిందో చూడండి. రాత్రి చల్లబడ్డాక నేను వెళ్లి కూర్చుంటే గంటసేపు మాట్లాడింది. తన తరగతిలో జరుగుతున్నవి, తనను ఎవరో ఏడిపించింది, అన్నీ. కాబట్టి నా సలహా ఇది. ‘కోర్ట్’ పదహారేళ్లు దాటిన పిల్లలతో తల్లి గానీ తండ్రి గానీ, అక్క గానీ ఒక్కరే కూర్చుని చూడండి. తీర్పు చెప్పే అలవాటున్న పెద్దవాళ్లను ఆ రోజు పిలవకండి. పదేళ్ల పిల్లలకు ఇది వద్దు.

## రాత్రి భోజనాల తర్వాత: ‘లక్కీ భాస్కర్’, లేక ‘మంజుమ్మెల్ బాయ్స్’?

నిద్ర రాకుండా కూర్చోబెట్టే సినిమా కావాలంటే ఈ రెండూ ఆ పని చేస్తాయి. ఊపిరి బిగపట్టించే తీరు మాత్రం వేరు.

వెంకీ అట్లూరి తీసిన ‘లక్కీ భాస్కర్’ 2024 దీపావళికి వచ్చింది. 1980ల చివర, 90ల మొదట్లో బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియరు. అప్పులు, చుట్టాల ఎదుట అవమానాలు, రావాల్సిన ప్రమోషన్ రాకపోవడం. బ్యాంకు డబ్బును బయటికి తీసి, లెక్క చూసే లోపల తిరిగి పెట్టేయడం మొదలుపెడతాడు. తర్వాత 1992లో బయటపడిన షేర్ల కుంభకోణాన్ని గుర్తుచేసే పెద్ద ఆటలోకి జారతాడు. దుల్కర్ సల్మాన్ ఎంత బాగా చేశాడంటే, అతను పట్టుబడకూడదని మనమే దేవుడికి దండం పెట్టుకుంటాం. నాకు ఇబ్బంది కలిగించింది కూడా సరిగ్గా అదే.

మా ఆయన చాలా ఏళ్లు క్యాష్ కౌంటర్‌లో కూర్చున్న మనిషి. సాయంత్రం లెక్క వంద రూపాయలు తేడా వచ్చినా తన జేబులోంచి పెట్టి, ఇంటికి వచ్చి అన్నం సరిగ్గా తినేవారు కాదు. సినిమా ఆయనకు నచ్చింది, కానీ ‘మర్నాడు ఆ కౌంటర్‌లో కూర్చునేవాడి గురించి ఒక్క మాట లేదు’ అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది.

ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో షేర్లు, ఆప్షన్లు ఆడుతూ పోగొట్టుకుంటున్న కుర్రాడుంటే ఈ సినిమా వద్దని నా గట్టి అభిప్రాయం. సినిమా తప్పు నేర్పుతుందని కాదు నా భయం. ఇంకొక్కసారి వేస్తే అంతా తిరిగి వచ్చేస్తుందన్న ఆశ ఇప్పటికే ఉన్నవాడికి, ఇది ఆ ఆశను ఇంకాస్త ఎగదోస్తుంది. అటువంటిదేమీ లేని ఇంట్లో మాత్రం హాయిగా చూడొచ్చు. ఎక్కడా పట్టు సడలదు. అర్థం కాని బ్యాంకు లెక్కలను కూడా నడుస్తున్న కథలోనే చెప్పేస్తాడు. మా పెద్దమ్మ కూడా నిద్రపోకుండా చూసింది.

‘మంజుమ్మెల్ బాయ్స్’ మలయాళం. దర్శకుడు చిదంబరం. 2024లోనే తెలుగులోకి వచ్చింది. 2006లో నిజంగా జరిగినది. కొచ్చి దగ్గరి మంజుమ్మెల్ నుంచి స్నేహితులంతా కొడైకెనాల్ వెళ్తారు. గుణ గుహల దగ్గర కంచె దాటి లోపలికి పోతారు. ఒకడు లోతైన సందులో పడిపోతాడు. ఆ తర్వాతంతా, వాణ్ణి వదిలి ఇంటికి పోవడమా, పోకపోవడమా అన్నదే. డబ్బింగ్ ఇష్టపడని పెద్దమ్మ పదినిమిషాలకే లేచిపోయింది. మొదటి అరగంట కుర్రాళ్ల గోల కొంచెం ఎక్కువే. ఆ గోలను భరించండి. వాళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకపోతే రెండో సగం పట్టదు.

మన జిల్లాల కుర్రాళ్లకు ఈ సినిమా చూపించాలని నేను బలంగా కోరుకుంటాను. సెలవు వస్తే చాలు, పెంచలకోన, భైరవకోన, మైపాడు, కొత్తపట్నం, మా తుమ్మలపెంట అని బండ్లేసుకుని పోతారు. ‘ఇక్కడ దిగరాదు’ అన్న బోర్డు పక్కనే చెప్పులు వదిలి నీళ్లలోకి దిగుతారు. వెళ్లవద్దని మనం ఎంత చెప్పినా వినరు. సినిమా అయ్యాక మా తమ్ముడు తన స్నేహితులకు ఫోన్ చేసి, చిన్నప్పుడు తుమ్మలపెంటలో వాళ్లలో ఒకణ్ణి అల లాగేసిన రోజు గురించి మాట్లాడాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ ఇన్నేళ్లుగా చెప్పలేదు. అమ్మ విని, కొట్టడానికి చెయ్యెత్తి, మళ్లీ దించేసింది.

ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు, బీపీ ఉన్న పెద్దవాళ్లు రాత్రిపూట దీన్ని చూడకపోవడం మంచిది. నిడివి రెండుంపావు గంటల దగ్గరే కాబట్టి గుంటల మీదికి వెళ్లాల్సినవాళ్లకు సరిపోతుంది.

## మనవలకొకటి, అవ్వలకొకటి

‘హనుమాన్’ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 2024 సంక్రాంతికి వచ్చింది, ప్రశాంత్ వర్మ తీశాడు, తేజ సజ్జా నటించాడు. అంజనాద్రి అనే ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడికి ఆంజనేయుడి శక్తి దొరుకుతుంది. పిల్లలకు పండగే. ఆరేళ్ల నా కూతురు మూడుసార్లు చూసింది. అక్కాతమ్ముళ్ల అనుబంధం ఉంది కాబట్టి పెద్దవాళ్లు కూడా కూర్చుంటారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈ ఎనిమిదింటిలో ఇంట్లో చూస్తే నష్టపోయేది ఇదొక్కటే. అది వచ్చినప్పుడు తమ్ముడు సూళ్లూరుపేట వెళ్లి చూశాడు. అక్కడ 2019లో తెరిచిన థియేటర్‌లో తెర వెడల్పు వంద అడుగులు. మొన్న ఇంట్లో చివరి ఘట్టం చూస్తూ ‘ఇది కాదు నేను చూసింది’ అన్నాడు. మళ్లీ ఎక్కడైనా పెద్ద తెర మీద వేస్తే అప్పటిదాకా ఆగండి.

‘శంకరాభరణం’ పాతది, 1980. కొత్తవాటి మధ్యలో దాన్ని ఎందుకు కలిపానంటే, జూన్ 4 వచ్చింది. గాయకుడు ఎస్పీ బాలు పుట్టినరోజు. 1946లో కోనేటమ్మపేటలో పుట్టినవాడు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని వాళ్ల ఇంటిని 2020లో, తాను పోవడానికి కొన్ని నెలల ముందు, వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశాడు. మా జిల్లా వాళ్లకు ఆయన పేరు ఎత్తితే ఇంట్లో మనిషిని తలుచుకున్నట్టే. తమ్ముడి దగ్గర పాత డిస్కు ఉంటే పెట్టాం.

పెద్ద హీరో లేడు. జె.వి. సోమయాజులు, మంజు భార్గవి. కె.వి. మహదేవన్ బాణీలు, వేటూరి పాటలు, విశ్వనాథ్ దర్శకత్వం. శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర క్రమంగా నేర్చుకోకుండానే బాలు ఆ పాటలు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. ఇది తెలిసి వింటే ఒక్కో సంగతి దగ్గర ఒళ్లు జలదరిస్తుంది. పెద్దమ్మ, అమ్మ ప్రతి పాటకూ పెదాలు కదిపారు. పిలకాయలు మాత్రం ఇరవై నిమిషాలకు పక్క గదిలోకి జారుకున్నారు. వాళ్లను బలవంతంగా కూర్చోబెట్టకండి. ఇది పెద్దవాళ్ల సినిమాగా, వాళ్ల మధ్యాహ్నంగా వదిలేయండి. ‘హనుమాన్’ పిల్లలకు ఇచ్చిన రోజు, పక్కనే ఇది పెద్దవాళ్లకు ఇస్తే ఎవరికీ లోటుండదు.

## తొందరలో ఉన్నవారికి

| సినిమా | నిడివి | ఎవరితో బాగుంటుంది | ఎప్పుడు వద్దు |
|---|---|---|---|
| 35 చిన్న కథ కాదు | రెండున్నర గంటల చుట్టూ | ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, తల్లిదండ్రులు | పరీక్షా ఫలితాలు వచ్చిన వారంలో |
| కోర్ట్ | రెండున్నర గంటల దగ్గర | ఇంటర్, డిగ్రీ పిల్లలతో ఒక్కరే పెద్దవాళ్లు | చుట్టాలంతా ఉన్న రోజు |
| లక్కీ భాస్కర్ | రెండున్నర గంటలు | భార్యాభర్తలు, ఉద్యోగస్తులు | డబ్బు పోగొట్టుకున్న బాధ తాజాగా ఉంటే |
| మంజుమ్మెల్ బాయ్స్ | రెండుంపావు గంటల దగ్గర | స్నేహితులు, అన్నదమ్ములు | డబ్బింగ్ పడనివాళ్లుంటే |
| హనుమాన్ | రెండున్నర గంటల పైన | పిల్లలు, ఇంటిల్లిపాదీ | చిన్న ఫోన్ తెర మీద |
| శంకరాభరణం | రెండు గంటల పైన | అరవై దాటినవాళ్లు, పాట ఇష్టమున్నవాళ్లు | పిల్లలు గోల చేసే వేళ |
| బలగం | రెండు గంటల పైచిలుకు | అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు | చావు జరిగిన ఇంట్లో, వాళ్లు అడగకముందు |
| సత్యం సుందరం | రెండున్నర గంటలు దాటి | ఊరు వదిలి వచ్చినవాళ్లు | సగంలో లేవాల్సిన రోజు |

## బంధువుల గురించి ఒక్కటే చూడాలంటే: ‘బలగం’, లేక ‘సత్యం సుందరం’?

నన్ను ఎక్కువమంది అడిగింది ఈ రెండింటి గురించే. నాకు ఎంచుకోవడం కష్టమైందీ ఇక్కడే.

‘బలగం’ 2023 మార్చిలో వచ్చింది. కమెడియన్‌గా మనకు తెలిసిన వేణు యెల్దండి తీశాడు. సిరిసిల్ల ప్రాంతపు పల్లె. తాత కొమురయ్య చనిపోతాడు, పిట్ట ముట్టదు. ఎప్పుడో ఒక విందులో మాంసం ముక్క దగ్గర పుట్టిన పట్టింపుతో ఏళ్లుగా దూరమైన కుటుంబాలు ఆ పదకొండు రోజులూ ఒకే ఇంట్లో మసలాల్సి వస్తుంది. చిన్న కారణానికి పెద్ద దూరం ఎలా పెరుగుతుందో ఇంత నిజంగా చూపిన సినిమా ఈమధ్య నేను చూడలేదు. ఈ సినిమాలోని ‘ఊరూ పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఒకచోట చేరి, తెర కట్టుకుని చూసిన సినిమా ఇది. ఆచారాల పేర్లు, మాట తీరు మనకు కొంచెం వేరు. కాకి కోసం చూసే చూపు మాత్రం మన పెన్న ఒడ్డునా అదే.

‘సత్యం సుందరం’ తమిళం నుంచి వచ్చింది. దర్శకుడు సి. ప్రేమ్‌కుమార్. అరవింద్ స్వామి, కార్తి. ఆస్తి గొడవలతో సొంత ఇల్లు, ఊరు వదిలిపోయిన మనిషి ఇరవై ఏళ్ల తర్వాత ఒక పెళ్లికి తిరిగి వస్తాడు. చుట్టరికం కలుపుకుంటూ ఒక కుర్రాడు వెంట పడి సేవ చేస్తాడు. అతని పేరేమిటో ఈయనకు గుర్తురాదు. అడగడానికి మొహమాటం. రాత్రంతా అదే. గొడవలు, విలన్లు, తగువులు ఏమీ ఉండవు. మాటలే. తడ, సూళ్లూరుపేట వైపు తమిళం తెలిసినవాళ్లు ‘మెయ్యళగన్’ అనే తమిళ మూలంలో చూస్తే ఇంకా బాగుంటుంది.

‘బలగం’ తగాదాను ముందు పెట్టి ఏడిపిస్తుంది. ‘సత్యం సుందరం’ ప్రేమను ముందు పెట్టి సిగ్గుపడేలా చేస్తుంది. అన్నదమ్ముల మధ్య మాటల్లేని ఇల్లయితే, ఇద్దరూ ఒకే గదిలో కూర్చోగలిగిన రోజున ‘బలగం’ పెట్టండి. ఊరొదిలి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడి, చావులకూ పెళ్లిళ్లకూ మాత్రమే వచ్చి అదే రోజు కారెక్కేవాళ్లయితే ‘సత్యం సుందరం’ చూడాలి. అది రాత్రి సినిమా. పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, మధ్యలో ఆపకుండా. తమ్ముడు ఆ రోజు గుంటల మీదికి మరదలి అన్నను పంపి కూర్చున్నాడు.

పది రోజుల తర్వాత అమ్మే వచ్చి ‘ఆ కాకి సినిమా మిగతాది పెట్టమ్మా’ అంది. ఈసారి నేను, అమ్మ, తమ్ముడు, పెద్దమ్మ. నలుగురమే. అమ్మ చివరిదాకా చూసింది. ఏడ్చింది కూడా. అయిపోయాక చాలాసేపటికి, ‘మనింట్లో కాకి ఎంతసేపో ఆగలేదు, చూశారా? మీ నాయనకు ఆకలికి ఓర్చుకోవడం ఎప్పుడూ చేతకాలేదు’ అని నవ్వింది. నాయన పోయాక ఆయన గురించి మాట్లాడుతూ అమ్మ నవ్వడం అదే మొదలు. మొదటి రోజు నేను తొందరపడకుండా ఉంటే ఇది ఇంకా ముందే జరిగేదో, అసలు జరిగేదే కాదో చెప్పలేను. తను అడిగేదాకా ఆగడం మాత్రం మంచిదైంది.

ఆ మర్నాటి రాత్రే ‘సత్యం సుందరం’ చూశాం. అది అయ్యాక అమ్మ ఒక ప్రశ్న వేసింది. నాయన పెద్దదినం నాడు ఒక కుర్రాడు వచ్చాడు. సన్నగా ఉన్నాడు, నీలం చొక్కా. ఎవరూ చెప్పకుండానే తెల్లవారుజామున నీళ్ల డ్రమ్ములు నింపాడు, బంతిలో మజ్జిగ పోశాడు, రాత్రి అందరూ పడుకున్నాక ఎంగిలి ఆకులు ఎత్తిపోశాడు. నన్ను అక్కా అన్నాడు, అమ్మను పెద్దమ్మా అన్నాడు. పొద్దున లేచేసరికి వెళ్లిపోయాడు. ఎవరి కొడుకు?

నాకు తెలియదు. తమ్ముడు తన స్నేహితుడనుకోలేదు, బాబాయి వాళ్ల తరఫు అనుకున్నాడట. ఫోన్‌లో ఆ రోజు తీసిన ఫోటోలన్నీ వెతికాం. ఒకదాంట్లో మాత్రం దొరికాడు, బకెట్ పట్టుకుని వెనక్కి తిరిగి ఉన్నాడు. పెద్దమ్మ ఆ ఫోటోను చాలాసేపు పెద్దది చేసి చూసి, నిలబడే తీరు తమ ఊరివాళ్లలాగే ఉందంది. ఉదయగిరి బస్సెక్కేటప్పుడు అది తన ఫోన్‌కు పంపించమంది, అక్కడ ఇద్దరు ముగ్గురిని అడిగి చెబుతానంది.